మన పల్లెల దారులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కిస్తున్న కడప జిల్లా వాళ్లు ఉన్నారా? మీ అనుభవాలు చెప్పండి

పసుపు చేను

అందరికీ నమస్కారం. మాది మైదుకూరు దగ్గర ఒక పల్లె, ఉండేది కడపలో. సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మొదటిసారి, జనమే కలిసి గీసుకునే ఆన్‌లైన్ మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెరిచి చూసినా. మా ఊరు ఉండాల్సిన చోట పేరు ఒక్కటే ఉంది, చుట్టూ ఖాళీ. మెయిన్ రోడ్డు నుంచి ఊళ్లోకి వచ్చే తారు రోడ్డు కూడా లేదు. అప్పటికప్పుడే ఖాతా తెరిచి, బ్రౌజర్‌లోనే మ్యాప్ గీసే ఐడీ ఎడిటర్‌లో ఉపగ్రహ చిత్రం చూసుకుంటా వీధులన్నీ గీసినా. రెండు రాత్రుళ్లు పట్టింది. బడి, రామాలయం, నీళ్ల ట్యాంకు, రచ్చబండ కాడి వేపచెట్టు కూడా పెట్టినా. పని అయిపోయినాక ఆ స్క్రీన్ మా నాయనకు చూపిస్తే చానాసేపు అట్లనే చూస్తా ఉండిపోయినాడు.

ఇప్పుడు సమస్య ఏమంటే, నెల తర్వాత చూస్తే ఊరికి ఉత్తరాన ఉన్న వంకను ఎవరో రోడ్డని గీసినారు. ఎండాకాలం వంకలో ఇసుక తెల్లగా ఉంటుంది కదా, పైనుంచి చూసేవాళ్లకు మట్టి రోడ్డు లాగానే అగపడుతుంది. వానలు పడితే అదే వంకలో మనిషి మునిగేంత నీళ్లు వస్తాయి. కొత్తవాళ్లు ఎవరైనా ఆ మ్యాప్ నమ్ముకొని బండి దింపితే ఏం కావాలి? దీన్ని ఎట్ల సరిచేయాలి? తెలుగు పేర్లు మీరు ఎట్ల రాస్తున్నారు? ఇన్నేళ్లుగా చేస్తున్నవాళ్లు చెబితే నాలాంటోళ్లకు మేలు.

నాపరాయి

తమ్ముడూ, మంచి పని మొదలుపెట్టినావు. ఆ గీతను తుడిచేయొద్దు. దాన్నే ఎంచుకొని హైవే అన్న ట్యాగు (గీసింది ఏందో చెప్పే గుర్తు, ఏ దారికైనా హైవే అనే ఉంటుంది) తీసేసి వాటర్‌వే=స్ట్రీమ్ అని మార్చు. ఏడాది పొడవునా నీళ్లు ఉండవు కాబట్టి ఇంటర్మిటెంట్=ఎస్ అని కూడా చేర్చు. సేవ్ చేసేటప్పుడు కింద వ్యాఖ్య రాసే పెట్టె ఉంటుంది. అందులో "ఇది వంక, నేను ఈ ఊరివాణ్ని, కాళ్లతో నడిచి చూసినా" అని రాయి. గీసినాయనకు కూడా మర్యాదగా ఒక సందేశం పెట్టు. ఆయన యాడనో కూర్చొని, మన ఊరికి దారి లేదే అని చేసిన పని అది. నేను ఇట్ల రాసిన ప్రతిసారీ వాళ్లు సంతోషంగానే ఒప్పుకున్నారు.

పైనుంచి చూసి వంకనూ బండ్ల దారినీ తేడా పట్టడానికి నేను చూసేది వెడల్పు. బండ్ల దారి చివరిదాకా ఇంచుమించు ఒకే వెడల్పుతో పోతుంది, రెండు పక్కలా కంప ఉంటుంది, చేను గట్టు కాడ మలుపు తిరుగుతుంది. వంక అట్ల కాదు. ఒకచోట చేతులు చాచినంత, ఇంకోచోట చెరువంత. చేలతో దానికి పని లేదు, పల్లం ఎటు ఉంటే అటు పోతుంది.

నేను కూడా మొదట్లో తప్పులు చేసినా. ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి గనుల కాడ తుక్కు కుప్పలు వరసగా ఉంటాయి. నీడతో సహా అచ్చం ఇళ్లలాగా కనిపిస్తాయి. ఒక సాయంత్రమంతా కూర్చొని వాటిని ఇళ్లని గీసినా. మరుసటి వారం బండి మీద పోయి చూస్తే అక్కడ మనిషి లేడు, రాళ్లే. అన్నీ తీసేసినా. అప్పటి నుంచి నేను పోని చోట ఇల్లు గీయను.

చెయ్యేటి గట్టు

నాపరాయి అన్న చెప్పిందానికి ఒకటి కలుపుతాను. ఉపగ్రహ చిత్రం ఏ రోజుదో చూసుకోండి. మాది రాజంపేట వైపు. 2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది. వరద తర్వాత నేను మ్యాప్ తెరిస్తే, చిత్రం పాతది. అందులో ఇళ్లు ఉన్నాయి, తోటలు ఉన్నాయి, చెట్టు చెట్టూ లెక్కపెట్టొచ్చు. నేల మీద మాత్రం మోకాలి లోతు ఇసుక మేట. నేను స్వయంగా నడిచి, పడిపోయిన ఇళ్లను మ్యాప్‌లోంచి తీసేశాను. రెండు నెలలకు ఎవరో దూరంగా ఉన్నవాళ్లు అదే పాత చిత్రం చూసి మళ్లీ అవన్నీ గీశారు. వాళ్ల తప్పు లేదు. కానీ ఆ రోజు చాలా ఏడుపొచ్చింది.

అప్పుడు ఒక పెద్దాయన చెప్పిన ఉపాయం, అక్కడ నోట్ అనే ట్యాగు పెట్టడం. "2021 వరదలో ఈ ఇళ్లు పోయాయి, చిత్రం పాతది, దయచేసి గీయవద్దు" అని రాశాను. తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.

ఇంకోటి, చప్టాలు, అంటే వంక నీళ్లు రోడ్డు మీదుగా దాటే చోట్లు. దయచేసి వాటిని వదలకండి. రోడ్డూ వంకా కలిసే చోట ఒక బిందువు పెట్టి ఫోర్డ్=ఎస్ అని రాయండి. నేను మా మండలంలో బస్సు పోయే దార్లన్నీ తిరిగి, రోడ్డు పక్కన నీటి మట్టానికి నాటిన ఎరుపు, తెలుపు రాళ్లు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగి పెట్టుకుంటూ పోయాను. ఒక చప్టా దగ్గర ఆ రాయి సగానికి విరిగి ఉంది. పక్కన మేకలు తోలుకునే ముసలాయన తన నడుము మీద చెయ్యి పెట్టి "ఈడికి వచ్చినాయమ్మా నీళ్లు" అన్నాడు. అలాంటి చోట్లు మ్యాప్‌లో ఉండాలి.

హంద్రీ ఒడ్డు

మాది కర్నూలు, అయినా చెప్తా. చిత్రం ఒక్కోసారి పక్కకు జరిగి ఉంటుంది. మా దగ్గర ఒక పేటలో రోడ్లన్నీ పది మీటర్లు తూర్పుకు జరిగి ఉండేవి, ఇళ్ల మీద రోడ్డు పోతున్నట్టు. ఫోన్‌లో జీపీఎస్ జాడ రికార్డు చేసుకుంటూ అదే దారిలో మూడు నాలుగు సార్లు పోయి రండి. ఆ జాడల మధ్యకు చిత్రాన్ని జరిపి, ఆ తర్వాతే గీయడం మొదలుపెట్టండి. సుంకేసుల నుంచి మీ కడప దాకా వచ్చే కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) కట్ట మీద దారిని నేను కొంతమేర ఇట్లనే సరిచేసినా. కెనాల్ మొత్తం 306 కిలోమీటర్లు. మీ వైపు భాగం ఎవరైనా ఎత్తుకుంటే బాగుంటుంది.

కొత్త బండి

ఇంత కష్టం ఎందుకన్నా, గూగుల్ మ్యాప్‌లో వీధుల పేర్లు ఉంటాయి కదా, చూసి రాసేస్తే పోలా?

నాపరాయి

వద్దు తమ్ముడూ. ఆ పని అస్సలు చేయొద్దు. ఆ మ్యాప్ హక్కులు వాళ్లవి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004లో బ్రిటన్‌లో మొదలైందే అందుకు. ఎవరైనా, ఎక్కడైనా స్వేచ్ఛగా వాడుకోగల మ్యాప్ ఉండాలని. అట్ల కాపీ చేసిన సమాచారం బయటపడితే తీసేస్తారు, దాంతోపాటు నీ నిజాయితీ పని కూడా అనుమానంలో పడుతుంది. ఎడిటర్ లోపల చూపించే చిత్రాలకు అనుమతి ఉంది, వాటిని చూసి గీయొచ్చు. పేరు కావాలంటే వీధి చివర బోర్డు చూడు, లేకుంటే అరుగు మీద కూర్చున్నోళ్లను అడుగు. ఫోన్‌లో స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ వేసుకో, నువ్వు నిల్చున్న చోట ఏం తెలియాలో అదే అడుగుతుంది. ఈ రోడ్డు తారుదా, సిమెంటుదా, మట్టిదా అని. టీ తాగేలోపు నాలుగు జవాబులు ఇవ్వొచ్చు.

గడియారం స్తంభం

అనంతపురం నుంచి. తెలుగు పేర్ల గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే.

మామూలు పేరు ఇంగ్లీషులో ఉంటుంది. దాని కింద తెలుగుకు వేరే గడి ఉంటుంది, నేమ్ కోలన్ టీఈ. అందులో ఇంగ్లీషు అక్షరాలను చూసి తిరిగి తెలుగులోకి మార్చకండి. ఇంగ్లీషులో రెండు రకాలుగా రాసిన పేరు మనకు ఒకటే. మన సీమలో ఊళ్లు ఎక్కువగా "పల్లె"తో ముగుస్తాయి, "పల్లి"తో కాదు. నేను చూసిన ఎన్నో ఊళ్లకు బయటివాళ్లు "పల్లి" అని పెట్టి ఉన్నారు. ఒక్క అక్షరమే, కానీ ఆ ఊరివాడు చదివితే అది తన ఊరు కాదనిపిస్తుంది. మీ జిల్లాలో చింతకొమ్మదిన్నె చూడండి. దిన్నె అంటే మిట్ట అని తెలిసినవాడు దాన్ని "దిన్నా" అని రాయడు.

నేను ఆర్టీసీ బస్సు ముందు బోర్డు, బడి గోడ, పంచాయతీ ఆఫీసు బోర్డు, ఈ మూడూ ఫోటో తీసుకుంటాను. మూడూ ఒక్కలా ఉంటే రాస్తాను. లేకపోతే ఊళ్లో అడుగుతాను.

పెన్న పక్కోడు

అన్నలారా, నాది గండికోట జలాశయం కింద పోయిన ఊరు. తాళ్లప్రొద్దుటూరు. 2020లో నీళ్లు వచ్చినాయి, అందరం తలోదిక్కు పోయినాం. మ్యాప్‌లో చూస్తే ఒకరు నీళ్లు మాత్రం గీసి, ఊరి పేరు తీసేసినారు. ఇంకొకరు ఏమో ఊరు ఇంకా ఉన్నట్టే వీధులతో సహా ఉంచినారు. ఏది సరైంది?

నాపరాయి

అన్నా, రెండూ కాదు. మనుషులు లేని ఊరిని ఊరని చూపించకూడదు, అట్లని పేరు కూడా పోకూడదు. ప్లేస్ అన్న ట్యాగు ముందు అబాండన్డ్ అని చేర్చితే, ఒకప్పుడు ఇక్కడ ఊరుండేది అన్న సంగతి డేటాలో నిలుస్తుంది. పాత వీధులు, గుడి, చావిడి యాడ ఉండేవో నీకు గుర్తుంటే ఓపెన్‌హిస్టారికల్‌మ్యాప్ అని వేరేగా ఉంది. పోయినవాటి కోసమే అది. అక్కడ నీ ఊరిని వీధి వీధీ పెట్టొచ్చు. నువ్వు చెప్తా ఉండు, గీయడం నేను నేర్పిస్తా.

పెన్న పక్కోడు

సరే అన్నా. మా అమ్మకు ప్రతి ఇల్లూ గుర్తే.

చెయ్యేటి గట్టు

ఇంకొక విషయం ఎవరూ అనలేదు, నేను అంటాను. ఊరు గీసినప్పుడు ఊరితో ఆపేస్తున్నాం. ఊరికి అర కిలోమీటరు అవతల ఎస్సీ కాలనీ ఉంటుంది. దానికి దారి ఉండదు, పేరు ఉండదు, చాలాచోట్ల ఇళ్లు కూడా గీయలేదు. మా మండలంలో నేను పట్టుబట్టి చూసిన ప్రతి ఊళ్లోనూ ఇదే. దాన్ని ఊరితో సమానంగా, బోరింగుతో సహా, బడితో సహా పెట్టండి. పేరు మాత్రం పైకులాల వాళ్లు పిలిచేది రాయకండి. అక్కడికి పోయి, వాళ్లు తమ పేటకు పెట్టుకున్న బోర్డు చూసి అదే రాయండి.

పసుపు చేను

అక్కా, ఇది చదివి మా ఊరు మళ్లీ తెరిచి చూసుకున్నా. నేను గీసిన వేపచెట్టు ఉంది, అంబేడ్కర్ కాలనీ లేదు. చిన్నప్పుడు నాతో బడికి వచ్చినోళ్ల ఇళ్లు అవి. పోయిన ఆదివారం ఊరికి పోయినా. నా పాత స్నేహితుడే నాతోపాటు నడిచి, మూడు వీధులూ, చర్చీ, చేతిపంపూ చూపించినాడు. ఆ రాత్రే ఎక్కించినా.

వంక కూడా మార్చినా. గీసినాయన బదులిచ్చినాడు, ఆయన తమిళనాడు వైపు ఉంటాడంట, చానా మర్యాదగా రాసినాడు. పేరు గడి ఖాళీగా ఉంది కదా అని మా అవ్వను అడిగితే, "దానికి పేరేందిరా, వంక వంకే" అనింది. కాసేపటికి మళ్లీ పిలిచి, పెండ్లయి వచ్చినప్పుడు వాళ్లత్త దాన్ని ఎర్రవంక అనేదని చెప్పింది. ఊళ్లో ఇంకో ఇద్దరు ముసలోళ్లను అడిగినా, వాళ్లూ అదే అన్నారు. తెలుగులో ఎర్రవంక అని రాసినా.

హంద్రీ ఒడ్డు అన్నా, ఖాజీపేట వైపు కెనాల్ కట్ట నేను ఎత్తుకుంటా. వచ్చే ఆదివారం పొద్దున్నే బండి మీద బయలుదేరుతున్నా. ఆ దిక్కు వాళ్లు ఎవరైనా కలిస్తే మంచిది, తూముల పేర్లు నాకు తెలీవు.