హనుమకొండలో విద్యార్థుల లఘుచిత్ర శిక్షణ శిబిరం: శబ్దం విషయంలో సలహా కావాలి

నమస్కారం. హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకూ, ఇంతవరకు కెమెరా పట్టని మరికొందరికీ కలిపి లఘుచిత్రాల శిక్షణ శిబిరం నిర్వహించాలని మిత్రులం కొందరం సంకల్పించాం. అందరి దగ్గరా ఉన్నవి మొబైల్ ఫోన్లే. వేయిస్తంభాల గుడి పురావస్తు శాఖ రక్షిత కట్టడం కనుక అక్కడ చిత్రీకరణకు ముందస్తు అనుమతి అవసరం. అందుకే 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీలను (నేలపై పరిచే నేత తివాచీలను) నేసే వరంగల్‌లోని కొత్తవాడను ఎంచుకున్నాం. నిజానికి ఈ నేత కథను ఇక్కడి పిల్లలే చెప్పడం నాకు మరింత ఇష్టం.

దృశ్యం వరకు దిగులు లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక, సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం) 1/50 సెకను పెట్టుకుంటే ట్యూబ్‌లైట్ల కింద మినుకులు కనబడవని నేర్పగలం. చిక్కంతా శబ్దంతోనే. నేతగాడు మాట్లాడుతుండగా మగ్గం దెబ్బ పడిన ప్రతిసారీ మాట చివరి అక్షరాలు మునిగిపోతున్నాయి. మగ్గం ఆపమని అడగడం వారి పనికి నష్టం, పైగా ఆ చప్పుడు లేని చిత్రం నిర్జీవంగా ఉంటుంది.

ఇటువంటి చోట్ల కొత్తవారితో పనిచేసినవారు దయచేసి చెప్పండి: చొక్కాకు తగిలించే చిన్న మైకు సరిపోతుందా, లేక మాటలను నిశ్శబ్దమైన గదిలో విడిగా రికార్డు చేసి, మగ్గం దృశ్యాలపై కలపడమే మేలా? ఒక్కో బృందంలో ఎందరుంటే ప్రతి ఒక్కరికీ శబ్దం పట్టే పని చేతికి వస్తుంది?