నెమలికంఠం రంగు వజ్రం: పుట్టిన రంగా, పెట్టిన రంగా?

ప్రశ్న (ప్రొద్దుటూరు నుంచి)

అందరికీ నమస్కారం. మా అన్న కువైట్‌లో పదిహేనేళ్ళుగా పని చేస్తున్నాడు. మా పాప పెళ్ళికి మేనమామ కానుకగా ఒక ఉంగరం తెచ్చాడు. వచ్చేటప్పుడు దుబాయ్‌లో రెండు రోజులు ఆగి అక్కడ ఒక కొట్టులో కొన్నాడంట. మధ్యలో ఒకటే రాయి, 0.72 క్యారెట్ అని బిల్లులో ఉంది. నీలం, పచ్చ కలిసిన నెమలికంఠం రంగు. మా ఇంట్లో ఎవరూ ఇంతకు ముందు రంగు వజ్రం చూడలేదు. బంగారంతో కలిపి 4,200 దిర్హాములు, మన డబ్బుల్లో లక్షకు అటూ ఇటూగా.

ఉంగరం పాపకు వదులైంది. సైజు తగ్గించమని మాకు తెలిసిన ఆచారి దగ్గరికి తీసుకెళ్తే, లూప్ (కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం) పెట్టి చాలాసేపు చూసి, "వజ్రమేనమ్మా, కానీ ఈ రంగు పుట్టుకతో వచ్చింది కాదేమోనని నాకు అనుమానం. కనుక్కున్నాకే పనిలో పెడతా" అన్నాడు. బిల్లుతో పాటు ఒక చిన్న కార్డు ఉంది. దాని మీద "జెన్యూన్ డైమండ్, బ్లూ గ్రీన్, సీఈ" అని అచ్చు వేశారు. ల్యాబ్ పేరు ఎక్కడా లేదు.

పెళ్ళి ఇంకా ఆరు వారాలుంది. ఇంట్లోనే తేల్చుకునే దారి ఏమైనా ఉందా? సైజు చేయించవచ్చా? అన్నను ఇప్పుడే అడిగితే మనసు నొచ్చుకుంటాడేమోనని ఇంకా ఏమీ చెప్పలేదు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

జవాబు (కడప నుంచి)

అక్కా, టెన్షన్ వద్దు. డైమండ్ టెస్టర్ అని పెన్ను లాంటి మిషన్ ఉంటుంది, ఏ బంగారు అంగడికి వెళ్ళినా పెట్టి చూస్తారు. లైట్లు చివరిదాకా వెలిగితే ఒరిజినలే. రాయి మీద నోటితో ఆవిరి ఊదితే వెంటనే ఆరిపోవాలి, అది కూడా చూడండి. ఉంగరం మీద హాల్‌మార్క్ ఉందేమో చూసుకోండి.

జవాబు (అనంతపురం నుంచి, సూరత్‌లో వజ్రాల గ్రేడింగ్ పనిలో ఉన్న వ్యక్తి)

అక్కా, మిగతావన్నీ తర్వాత. ఆ ఉంగరాన్ని రాయితో సహా మంట దగ్గరికి పోనివ్వకండి, పెట్టిన రంగైతే వేడికి మారిపోవచ్చు. ఆచారి గారు చేయి ఆపడమే మీకు జరిగిన మేలు.

పై తమ్ముడు మంచి మనసుతోనే చెప్పాడు గానీ, ఆ పరీక్షలు మీ ప్రశ్నకు జవాబివ్వవు. టెస్టర్ చూసేది రాయిలో వేడి ఎంత వేగంగా పాకుతుందన్నది. రంగు పెట్టిన వజ్రం కూడా వజ్రమే, ల్యాబ్‌లో పెంచినదీ వజ్రమే. అన్నిటికీ ఒకటే లైటు వెలుగుతుంది. నోటి ఆవిరీ అంతే. హాల్‌మార్క్ బంగారం స్వచ్ఛతకు మాత్రమే, రాయి గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు.

ఇప్పుడు ఆ కార్డు. "జెన్యూన్" అన్న మాట చూసి సహజమైన రంగు అనుకోకండి. రాయి వజ్రమే అని చెప్పడానికి ఆ మాట వాడతారు, రంగు ఎక్కడిదో అందులో ఉండదు. "సీఈ" అన్న రెండు అక్షరాలే అసలు విషయం. రంగుకు గానీ క్లారిటీకి (రాయి లోపలి స్వచ్ఛతకు) గానీ మెరుగు పెట్టామని చెప్పేందుకు కొందరు వ్యాపారులు పొట్టిగా అలా రాస్తారు. రెంటిలో ఏదో కొట్టువాళ్ళనే రాతపూర్వకంగా అడగాలి. క్లారిటీ మెరుగు అంటే పగులులో గాజు లాంటి పదార్థం నింపి ఉండవచ్చు, అదీ మంటకు కారిపోతుంది.

ధర కూడా మాట్లాడుతుంది. ముక్కాలు క్యారెట్ సైజులో, అంత నిండైన నెమలికంఠం రంగు పుట్టుకతోనే ఉన్న రాయి లక్ష రూపాయలకు రాదు. అది చాలా అరుదైన రంగు. కాబట్టి నా అంచనా, రంగు పెట్టినదే. కానీ అంచనా వేరు, రుజువు వేరు. పెళ్ళి వస్తువు కాబట్టి మీకు రుజువే కావాలి.

రంగు ఎలా వస్తుందో కొంచెం చెప్తాను, అప్పుడు కంటితో ఎందుకు తేలదో మీకే అర్థమవుతుంది. వజ్రం పసుపుగా ఉండటానికి ఎక్కువగా నైట్రోజన్ కారణం. సహజమైన నీలానికి ఎక్కువగా బోరాన్. మన కొల్లూరు గనిదని చెప్పే హోప్ వజ్రం నీలం అలా వచ్చిందే. గులాబీ రంగు భూమి లోపలి ఒత్తిడికి స్ఫటికం అమరిక వంగడం వల్ల వస్తుంది. పచ్చ మాత్రం వేరే కథ. నేలలో యురేనియం లాంటి ఖనిజాల పక్కన వజ్రం లక్షల, కోట్ల ఏళ్ళు పడి ఉంటే, ఆ రేడియేషన్‌కు కార్బన్ పరమాణువులు తమ చోటు నుంచి కదిలిపోతాయి. ఆ ఖాళీల వల్ల రాయి పచ్చగా, నీలిపచ్చగా కనిపిస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. యంత్రంలో ఎలక్ట్రాన్లను కొట్టించినా, అణు రియాక్టర్‌లో పెట్టినా అవే ఖాళీలు ఏర్పడతాయి. నేల కోట్ల ఏళ్ళలో చేసే పనిని యంత్రం గంటల్లో చేస్తుంది. రాయి ఏ కాంతిని పీల్చుకుంటుందో చూపే స్పెక్ట్రోమీటర్‌లో 741 నానోమీటర్ల దగ్గర కనిపించే గీత సహజమైన పచ్చలోనూ ఉంటుంది, పెట్టిన పచ్చలోనూ ఉంటుంది. అందుకే రంగు వజ్రాలన్నిటిలో పచ్చ గుట్టు విప్పడమే కష్టం. పెద్ద ల్యాబులు కూడా కొన్ని పచ్చ రాళ్ళకు "నిర్ధారించలేం" అని రిపోర్టు ఇస్తాయి. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్న 41 క్యారెట్ల పచ్చ వజ్రాన్ని సహజమని అంత ధీమాగా చెప్పగలగడానికి ఒక కారణం దాని చరిత్ర. అది 1740ల నుంచే రాజుల దగ్గర ఉంది. ఇంగ్లండ్ శాస్త్రవేత్త విలియం క్రూక్స్ రేడియంతో వజ్రానికి రంగు మార్చి చూపింది 1904లో, అంతకు చాలా తర్వాత.

ఇక లూప్‌తో చూడగలిగినవి. నమ్మకమైన పనివాడితో రాయిని విప్పించండి, రాయిని పట్టుకున్న బంగారు గోళ్ళు మెల్లగా పైకెత్తి తీయాలి, వేడి తగలకూడదు. టేబుల్ (రాయి పైన ఉండే పెద్ద చదును ముఖం) వైపు కిందకు ఉండేలా తెల్ల కాగితం మీద బోర్లించి, పక్కనుంచి మెత్తటి వెలుతురు పడేలా పెట్టి, పదింతలు పెద్దగా చూపే లూప్‌తో వెనుకవైపు చూడండి. రంగు రాయి అంతా సమంగా లేకుండా కింది మొన దగ్గర ముద్దగా చేరినా, మొన చుట్టూ విప్పిన గొడుగు ఆకారంలో కనిపించినా, అది యంత్రంతో పెట్టిన రంగుకు గట్టి గుర్తు. సాన పట్టిన చదును ముఖాల అంచుల మీద గీరినట్టు రంగు లేచిపోయి ఉంటే, ఇంద్రధనుస్సు లాంటి పలచని మెరుపు పైపైన తేలుతుంటే, వెనుకవైపు సన్నటి పొర పూశారని అర్థం. ఇవేవీ కనబడకపోతే మాత్రం "సహజం" అని ఎవరు చెప్పినా నమ్మకండి. శ్రద్ధగా చేసిన రాయిలో ఏ గుర్తూ ఉండదు.

అందుకే ల్యాబ్. వజ్రాలు పరీక్షించి రిపోర్టు ఇచ్చే సంస్థల్లో జీఐఏకి ముంబైలో ల్యాబ్ ఉంది, ఐజీఐ కూడా మన దేశంలోనే పని చేస్తోంది. రాయిని ఊడదీసి విడిగా పంపితే పరీక్ష పూర్తిగా జరుగుతుంది. "రంగు, రంగు మూలం రిపోర్టు కావాలి" అని స్పష్టంగా అడగండి. పూర్తి గ్రేడింగ్ మీకు అవసరం లేదు, ఖర్చు కలిసొస్తుంది. వాళ్ళు ఇన్‌ఫ్రారెడ్‌తో రాయి జాతి (లోపల నైట్రోజన్, బోరాన్ ఉన్నాయా అన్నది) చూస్తారు. ద్రవ నైట్రోజన్‌తో మైనస్ 196 డిగ్రీల దాకా చల్లబరిచి మళ్ళీ చూస్తారు, అప్పుడే సన్నటి గీతలు బయటపడతాయి. రిపోర్టు చేతికి వచ్చాక దాని నంబరును ఆ ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి మీరే సరిచూసుకోండి.

జవాబు (ప్రొద్దుటూరులో రాళ్ళు పొదిగే పని చేసే వ్యక్తి)

అమ్మా, నేను ముప్పై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. నాలుగేళ్ళ క్రితం ఒక గిరాకీ సింగపూర్‌లో కొన్న గులాబీ వజ్రాల చెవికమ్మల జత తెచ్చారు. ఒకదాని కాడ విరిగింది, అతుకు వేయమన్నారు. వజ్రమే కదా, మంటకు తట్టుకుంటుందని మామూలుగానే టంకం వేసి యాసిడ్‌లో వేశాను. బయటకు తీస్తే ఒక కమ్మ గులాబీ, ఇంకో కమ్మ తెల్లగా ఉంది. రాయి మార్చేశానని ఆ ఇంటివాళ్ళు నా ముఖం మీదే అన్నారు. నిజం ఏమిటంటే, దాని వెనక పూసిన పొర పోయింది. అమ్మినవాళ్ళు వాళ్ళకు చెప్పలేదు, నేను అడగలేదు. తప్పు నాదే అని సగం ఖర్చు పెట్టుకుని సర్దుబాటు చేశాను. ఆ మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అప్పటినుంచి రంగు రాయి ఏది వచ్చినా, ఊడదీసే పని చేస్తాను. మీ ఉంగరానికీ అదే చెప్పండి. రాయి తీశాకే కింది కడ్డీ కోసి, అతికి, పాలిష్ అయిపోయాక మళ్ళీ పొదగాలి. తీసేముందు మీ ఎదుటే తూకం వేయించి, ఫోన్‌లో రెండు ఫోటోలు తీసుకోండి. అది మీకూ మంచిది, పనివాడికీ మంచిది.

ప్రశ్న అడిగిన అక్క

అందరికీ చేతులెత్తి దండం. తమ్ముడూ, రేడియేషన్ అని చదివేసరికి గుండె ఆగినంత పనైంది. పాప రోజూ వేలికి పెట్టుకునేది. ఒంటికి ఏమైనా అవుతుందా? ఇంకోటి, ఇది ల్యాబ్‌లో పెంచిన వజ్రం కూడా అయ్యుండొచ్చా?

జవాబు (అనంతపురం)

భయం వద్దక్కా. ఎలక్ట్రాన్ యంత్రంతో చేసిన రాయిలో రేడియోధార్మికత మిగలదు. పరమాణువుల చోటు మారుతుంది, అంతే. రియాక్టర్‌లో పెట్టిన రాళ్ళకు మాత్రం కొంతకాలం ఉంటుంది, అది తగ్గేదాకా నిల్వ ఉంచి అమ్మకానికి వదలాలి. పూర్వం రేడియంలో ఉంచిన రాళ్ళే ఇప్పటికీ రేడియేషన్ వెదజల్లుతాయి, అవి నూరేళ్ళ నాటి పాత వస్తువులు. అయినా ల్యాబ్‌కు ఎలాగూ పంపుతున్నారు కాబట్టి ఆ సంగతి కూడా అడగండి, మనసు కుదుటపడుతుంది.

ల్యాబ్‌లో పెంచినది కావచ్చు. రంగు మూలం, రాయి మూలం రెండూ వేర్వేరు ప్రశ్నలు. నేలలో దొరికిన రాయికి రంగు పెట్టవచ్చు, పెంచిన రాయికీ పెట్టవచ్చు. రిపోర్టులో రెండూ చూసుకోండి. నీలం రాయికి కరెంటు పారుతుందా అని కొందరు పరీక్ష పెడతారు. బోరాన్ ఉన్న నీలం వజ్రంలో కరెంటు పారుతుంది, యంత్రంతో పెట్టిన నీలంలో మామూలుగా పారదు. కానీ బోరాన్ వేసి పెంచిన ల్యాబ్ వజ్రంలోనూ పారుతుంది. పైగా వజ్రంలా కనిపించే వేరే రాయి మోయిసనైట్‌ను పట్టే కొన్ని టెస్టర్లు అసలైన నీలం వజ్రాన్నే మోయిసనైట్ అని చూపిస్తాయి. ఆ మిషన్ మాట విని మంచి రాయిని చౌకగా అమ్ముకున్నా ఆశ్చర్యం లేదు. అందుకే చెప్తున్నా, మిషన్ జోలికి పోవద్దు.

జవాబు (తుగ్గలి నుంచి)

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోవద్దు. తొలకరి పడగానే మా జొన్నగిరి, పెరవలి చేలల్లో జనం వజ్రాల కోసం ఎలా తిరుగుతారో మీకు తెలిసిందే. మా బంధువుకు పోయినేడు ఒక చిన్న రాయి దొరికింది, పైన లేత పచ్చగా ఉంది. పచ్చ వజ్రమంటే కోట్లు అని ఒకరు, రంగు పూసిందని ఒకరు. నేలలో దొరికిన రాయికి రంగు ఎవరు పూస్తారు?

జవాబు (అనంతపురం)

అన్నా, అది సహజమే అయ్యుండవచ్చు. మావైపు వజ్రకరూరు చుట్టూ కింబర్లైట్లు (వజ్రాలను పైకి తెచ్చే ఒకరకం రాతి) ఉన్నాయి, అటూ ఇటూ దొరికే రాళ్ళలో లేత పచ్చ తోలు ఉన్నవి నేనూ చూశాను. కానీ నేలలోని ఆల్ఫా రేడియేషన్ వజ్రంలోకి వెంట్రుక మందం కంటే లోతుకు పోదు. సాన పట్టగానే ఆ తోలు పోయి లోపల తెల్లగానో, లేత పసుపుగానో తేలుతుంది. లోపలిదాకా పచ్చ ఉన్న రాయి చాలా చాలా అరుదు. కాబట్టి కోట్లు అని ఎవరన్నా పొంగిపోవద్దు, పనికిరాదని ఎవరన్నా వదులుకోవద్దు. ఊరికి వచ్చే వ్యాపారి ఒక్కడి మాట మీద అమ్మకుండా, ముందు తూకం, ఫోటో, ఒక ల్యాబ్ అభిప్రాయం తీసుకోండి. సాన పట్టించేటప్పుడు రాయి నడుము (చుట్టూ ఉండే వెడల్పు అంచు) దగ్గర ఆ పచ్చ తోలు కొంచెం మిగల్చమని చెప్పండి. రంగు నేల ఇచ్చిందే అనడానికి ల్యాబ్‌వాళ్ళు వెతికే గుర్తుల్లో అలాంటి మచ్చ ఒకటి.

ప్రశ్న అడిగిన అక్క (మూడు వారాల తర్వాత)

చెప్పినట్టే చేశాను. పైన రాసిన పొదుగు పని పెద్దాయనతోనే రాయి ఊడదీయించాను, నా ముందే తూకం వేశారు, 0.72 సరిగ్గా ఉంది. బోర్లించి చూస్తే కింది మొన దగ్గర రంగు చిక్కగా ఉందని లూప్ నాకూ ఇచ్చారు. నా కంటికే కనబడింది, నీళ్ళలో సిరా చుక్క నిలిచినట్టు. ముంబై ల్యాబ్‌కు పంపాము. నిన్న రిపోర్టు వచ్చింది. రాయి సహజ వజ్రమే. రంగు మూలం దగ్గర మాత్రం "ట్రీటెడ్", కృత్రిమ రేడియేషన్‌తో మార్చిన రంగు అని రాశారు. నంబరు వెబ్‌సైట్‌లో సరిచూశాను.

అన్నకు ఫోన్ చేసి చెప్పాను. మొదట చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను రంగు చూసి కొన్నానమ్మా, పాపకు నెమలి అంటే ఇష్టం కదా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. సహజమైన రంగు అని కొట్టువాళ్ళు నోటితో చెప్పారంట, బిల్లులో మాత్రం ఎక్కడా లేదు. రిపోర్టు కాపీ పెట్టి వాళ్ళకు మెయిల్ రాస్తానన్నాడు, సీఈ అంటే ఏమిటో రాసివ్వమని కూడా. డబ్బు సంగతి వాళ్ళు ఏం చెప్తారో చూడాలి.

ఉంగరం అమ్మేది లేదని పాప గట్టిగా చెప్పింది. కడ్డీ పని నిన్ననే అయింది, రేపు రాయి పొదుగుతారు. రిపోర్టు, బిల్లు, ఆ కార్డు మూడూ ఒకే కవర్‌లో పెట్టి, పైన ఎర్ర పెన్నుతో "మంట తగలకూడదు, రాయి తీసి పని చేయాలి" అని రాశాను. పాప అత్తవారింటికి వెళ్ళేటప్పుడు ఆ కవర్ కూడా ఉంగరం పెట్టెలోనే పెట్టి ఇస్తాను.