ఆర్కిడ్ పూలు రాలాక కాడ కోసెయ్యాలా, ఉంచాలా?

పటమట బాల్కనీ:
నమస్తే అండి. సంక్రాంతికి కొన్న ఫెలనాప్సిస్ ఆర్కిడ్, మొన్న చివరి పువ్వు కూడా రాలిపోయింది, కాడ మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. నర్సరీ అబ్బాయి మొదలుకంటా కోసెయ్యమన్నాడు, యూట్యూబ్‌లోనేమో రెండో కణుపు పైన కోస్తే మళ్ళీ పూసుద్ది అంటున్నారు. మా అత్తగారు అసలు కత్తెరే పెట్టొద్దు, ఎండితే అదే పడిపోద్ది అంటారు. ఎవరి మాట వినాలి?

బ్రాడీపేట మేడతోట:
కాడ గోధుమరంగులోకి తిరిగి ఎండిపోతే మొదలుకంటా కోయాలి, అందులో గొడవేం లేదు. పచ్చగా ఉంటే మాత్రం కింది నుంచి రెండో మూడో కణుపు లెక్కపెట్టుకుని దానికి కాస్త పైన కోయండి. కణుపు మీద ఆ పల్చటి పొర కింద మొగ్గ నిద్రపోతా ఉంటది, అక్కడి నుంచి పక్క కొమ్మ వచ్చిద్ది. చేతికొచ్చిన పూలకాడని ఎవరన్నా నరుక్కుంటారా.

భవానీపురం రిటైర్డ్:
ఇది ఏ నెలో చూడరేంటమ్మా. ఇప్పుడు కోస్తే ఆ పక్క కొమ్మ బయటికొచ్చేసరికి ఏప్రిల్, బెజవాడ ఎండ 40 దాటుద్ది, మొగ్గలు విచ్చకుండానే పసుపెక్కి రాలిపోతాయి. వేడికి అసలు మొగ్గే రాకుండా కాడ మీద పిల్ల మొక్క పుట్టినా పుట్టుద్ది. ఈలోపు తల్లి మొక్క ఆకులు వేలాడేసుద్ది. కోసేసి, బలం ఆకులకీ వేళ్ళకీ పోనివ్వండి, రోహిణీ కార్తె దాటితే చాలు.

బ్రాడీపేట మేడతోట:
బాబాయ్ గారూ, దాటాక కొత్త కాడ వచ్చుద్దని మీకు గ్యారంటీ ఏది? ఫెలనాప్సిస్‌కి పగలు చల్లగా ఉంటేనే కాడ పుట్టేది. మిచిగన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2006లో దీని మీద పరిశోధన వేశారు, పగలు 29 డిగ్రీలుంటే రాత్రి 17కి దించినా పూత సరిగ్గా రాలేదు. మన దగ్గర జనవరి మధ్యాహ్నం కూడా దాదాపు ఆ వేడే కదా. అందుకే ఉన్న కాడని వదలొద్దు అంటున్నా. పిల్ల మొక్క పుడితే మరీ మంచిది, ఊరికే వచ్చిందేగా.

ఏసీ రూమ్ ఆర్కిడ్:
మేం రాత్రిళ్ళు ఏసీ 24లో పెట్టి బెడ్‌రూమ్‌లో ఉంచుతాం బ్రో, సరిపోదా

బ్రాడీపేట మేడతోట:
పైన చెప్పిందదే బ్రో. పగలు చల్లగా ఉండాలి, అదీ వారాల తరబడి. కరెంటు బిల్లు పెట్టి ఇంకో రెండు మొక్కలు కొనుక్కోవచ్చు 😀

కొత్తపేట:
మధ్యలో వస్తున్నా, నా దగ్గరున్నది డెండ్రోబియం, అదో రకం ఆర్కిడే, పూలయిపోయి ఆకులు కూడా రాలి బోడి గడలు మిగిలినయ్, అవన్నీ కోసేద్దామని కత్తెర పట్టుకుని కూర్చున్నా.

భవానీపురం రిటైర్డ్:
ఆగండి ఆగండి!! అది వేరే లెక్క. ఆ గడల్లోనే నీళ్ళూ తిండీ దాచుకుంటది, మొదలు దగ్గర వచ్చే కొత్త పిలకకి అవే ఆధారం, పాత గడ మీద కూడా మళ్ళీ పూసుద్ది. ఎండిన పూలకాడ ఒక్కటి తీసెయ్యండి, గడ పూర్తిగా ముడుచుకుని ఎండితే తప్ప ముట్టుకోవద్దు. అసలు మన ఎండలకి డెండ్రోబియమే నయం, ఫెలనాప్సిస్ ఇక్కడ చుట్టపు చూపుగా వచ్చే మొక్క.

బ్రాడీపేట మేడతోట:
డెండ్రోబియం సంగతి ఒప్పుకుంటా, చుట్టపు చూపు మాత్రం ఒప్పుకోను. అవునూ పటమట వాళ్ళూ, మీ మొక్కకి ఎన్ని ఆకులున్నయ్? వేళ్ళు ఎలా ఉన్నయ్?

పటమట బాల్కనీ:
మూడాకులండి, కిందది మెత్తబడింది. నాచులో కుక్కిన ప్లాస్టిక్ కప్పు, తీసి చూస్తే సగం వేళ్ళు నల్లగా, నొక్కితే పొట్టు ఊడొచ్చి లోపల దారం మిగులుతోంది.

బ్రాడీపేట మేడతోట:
ముందే చెప్పాలి కదండీ! అలాంటిదానికైతే నేనూ మొదలుకంటా కోయమనే చెప్తా, కాడ మొయ్యగలిగే మొక్క కాదది. కుళ్ళిన వేళ్ళు కత్తిరించి బెరడు ముక్కలు, బొగ్గులు కలిపి కుండీ మార్చండి, కోకోపీట్ మాత్రం వద్దు, ఊపిరాడదు. వేళ్ళు వెండి రంగుకి తిరిగాకే నీళ్ళు.

భవానీపురం రిటైర్డ్:
హమ్మయ్య, తిరిగి తిరిగి నా మాటకే వచ్చారు. కోసే ముందు బ్లేడు మంట మీద కాల్చండి, వైరస్ అంటితే మందు లేదు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వాన నీళ్ళు పట్టి ఉంచుకోండి. మొవ్వులో నీళ్ళు నిలవనివ్వొద్దు.

పటమట బాల్కనీ:
సరేనండి, రేపు పొద్దున్నే కోసేస్తా, అత్తగారు గుడికెళ్ళాక 🙏

బ్రాడీపేట మేడతోట:
మూడాకుల మొక్క కాబట్టి ఒప్పుకున్నా బాబాయ్ గారూ, అయిదారు గట్టి ఆకులున్నదైతే కాడ ఉంచాల్సిందే, ఆ మాట మీద ఇంకా ఉన్నా.