డాక్సోరుబిసిన్ పనితీరులో కణత్వచం పాత్ర ఎంత?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని):
క్యాన్సర్ మందు డాక్సోరుబిసిన్ కణ కేంద్రకంలోని డీఎన్ఏకు అతుక్కుని, డీఎన్ఏ మెలికలను విప్పే ఎంజైమ్ టోపోఐసోమరేజ్-2 పనికి అడ్డుపడి క్యాన్సర్ కణాన్ని చంపుతుందని చదువుకున్నాం. కణత్వచంలోని కొవ్వు పొరను అది తనంతట తానే దాటగలదంటారు. అలాంటప్పుడు మందుకు లొంగని కణాల్లో అది అంత తక్కువగా ఎందుకు ఉంటుంది? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
లోపలికి వెళ్లిన మందు లోపల నిలవాలి కదండీ, చిక్కంతా అక్కడే ఉంది. కణ విభజనను ఆపే కాల్చిసిన్‌కు లొంగని చైనీస్ హామ్‌స్టర్ అండాశయ కణాల త్వచంలో జూలియానో, లింగ్ 1976లో పి-గ్లైకోప్రోటీన్‌ను గుర్తించారు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువుతో నడిచే ఈ పంపు ప్రోటీన్, మందు కణద్రవ్యంలోకి చేరేదాకా ఆగకుండా, అది ఇంకా కొవ్వు పొరలో ఉండగానే పట్టుకుని బయటికి తోసేయగలదు. అందుకే నిర్మాణంలో పోలికే లేని డాక్సోరుబిసిన్‌ను, పాక్లిటాక్సెల్‌ను, మన పెరళ్లలో పూసే బిళ్లగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్‌ను కూడా ఒకే పంపు తోడిపోస్తుంది. త్వచం దాటే వేగం తగ్గినకొద్దీ పంపుదే పైచేయి అవుతుంది.

జవాబు 2:
పై వివరణకు ఆమ్లత్వాన్ని కూడా చేర్చాలి. కణితిలో కణాల చుట్టూ ఉండే ద్రవం పీహెచ్ తరచుగా 7 కంటే తక్కువ. అక్కడ డాక్సోరుబిసిన్‌లోని అమైన్ సమూహం ప్రోటాన్‌ను తీసుకుని ధనావేశం పొందుతుంది, ఆవేశమున్న అణువు కొవ్వు పొరను సులువుగా దాటలేదు. ఇది అన్ని మందులకూ వర్తించదు. మరో క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్‌కు ఫోలేట్ అనే విటమిన్‌ను కణంలోకి చేర్చే వాహక ప్రోటీనే ప్రధాన ద్వారం, ఆ వాహకం తగ్గితే పంపుతో పనిలేకుండానే కణం మందుకు లొంగదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. మరి ఆ పంపునే ఆపేస్తే సరిపోదా?

జవాబు 1:
ఆ ప్రయత్నమూ జరిగింది. గుండె జబ్బులకు వాడే వెరపామిల్ ఈ పంపును అడ్డుకుంటుంది; దాన్ని ఇస్తే విన్‌క్రిస్టిన్ మళ్లీ పనిచేస్తుందని సురువో బృందం 1981లో చూపింది, కానీ పంపును ఆపేంత మోతాదు రోగి గుండెకు ప్రమాదం. పైగా పేగులు, కాలేయం, మెదడు రక్తనాళాల్లో ఇదే పంపు మనల్ని విషపదార్థాల నుంచి కాపాడుతుంది. దాన్ని ఒంట్లో అంతటా ఆపితే క్యాన్సర్ మందు విసర్జన తగ్గి, ఆరోగ్యకరమైన కణాలకూ విషమవుతుంది. కాబట్టి లైపోజోముల (కొవ్వు పొరతో చేసిన సూక్ష్మ బుడగల) వంటి వాహకాలతో మందును కణితి దగ్గరికే ఎక్కువగా చేర్చే దారి నాకు మరింత ఆశాజనకంగా కనిపిస్తోంది.