ఎంసీ లైట్ పాటలో సవతి, మన ‘అది’

అమెరికన్ ర్యాపర్ ఎంసీ లైట్ తొలి ఆల్బమ్ ‘లైట్ యాజ్ ఎ రాక్’ 1988లో వచ్చింది. అప్పటికే ర్యాప్‌లో ఆడవాళ్ల బృందాలున్నాయి, సాల్ట్-ఎన్-పెపా ఆల్బమ్ 1986లోనే వచ్చింది. కానీ ఒక ర్యాపర్ అమ్మాయి ఒంటరిగా పూర్తి ఆల్బమ్ చేయడం ఈమెతోనే మొదలైందని చెబుతారు. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు కూడా నిండలేదు.

అందులో ‘ఐ క్రామ్ టు అండర్‌స్టాండ్ యు’ అనే పాట ఉంది. 1987లో సింగిల్‌గా వచ్చిందే. శామ్ అనేవాణ్ణి ప్రేమించిన పిల్ల చెప్పే కథ. డబ్బు అడుగుతాడు, మొహం చాటేస్తాడు. ‘సి’ అనే ఎవరితోనో తిరుగుతున్నాడని తెలిసి ఈమె కుళ్లుకుంటుంది. తీరా చూస్తే ఆ ‘సి’ ఆడది కాదు, క్రాక్ అనే మత్తుమందు, కొకైన్‌లో ఒక రకం.

ఇంగ్లీషులో ఈ కథ దాచాలంటే మందుకు ఆడవేషం కట్టాల్సిందే. ఈ పాటే తెలుగులో కడితే ఆ వేషం అక్కర్లేదు. ‘అది’ అంటే మనిషీ కావచ్చు, వస్తువూ కావచ్చు. ‘అది వచ్చింది, నిన్ను లాక్కుపోయింది’ అంటే అబద్ధం లేదు, గుట్టూ బయటపడదు. పైగా సవతిని ఎవరూ ‘ఆవిడ’ అనరు కదా, కోపంలో ‘అది’ అనే అంటారు!

ఈ పోస్టు కింద వచ్చిన మాటలు:

— బాగా పట్టుకున్నారండీ. తమిళంలో ఇది కుదరదు. ‘అవళ్ వందాళ్’ వేరు, ‘అదు వందదు’ వేరు, క్రియ దగ్గరే దొరికిపోతారు. కన్నడంలోనూ అంతే. మన క్రియకు ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకీ ఒకటే రూపం.

— ఏకవచనంలోనే సుమండీ. బహువచనంలో ‘వచ్చారు’, ‘వచ్చాయి’ విడిపోతాయి. ఇంకో చిక్కు: ‘ఎవరది?’ అని అడిగితే మనిషి అని ఒప్పుకున్నట్టే కదా?

— ఆ పిల్ల మనిషనే అనుకుంటోంది, కాబట్టి ‘ఎవరది?’ అనే అడగాలి. మోసపోయింది ఆమే. వినేవాళ్లు ఆమెతోపాటే మోసపోవాలి, పాట బలం అక్కడే ఉంది. నేనొక ముక్క కట్టి చూశాను:
దాని గడపకే పోతావు, దాన్నే తలచి లేస్తావు
నా చేతి డబ్బు గుంజుకుపోయి దాని ఒళ్లో పోస్తావు

— ‘ఒళ్లో’ వద్దండీ, వస్తువుకు ఒడి ఉండదు. ‘దానికే పోస్తావు’ అంటే రెండువైపులా నిలుస్తుంది. నాకు ఇంకోటి తోస్తోంది. పాటంతా ‘నీకు అదొక్కతే’ అని పాడి, చివరి చరణంలో ‘అదొక్కటే’ అంటే? ఒక్క అక్షరంతో ఆడది కాస్తా వస్తువైపోతుంది.

— అద్భుతం! మొదటి పోస్టు పెట్టింది నేనే, ఒక్క మాట కలుపుతాను. అక్షరం మార్చి వదిలేస్తే చాలదు, క్రాక్ పేరు పలకాలి. 1980ల నడుమ నుంచి న్యూయార్క్ నల్లవారి పేటల్లో ఆ మందు ఇళ్లకు ఇళ్లనే కూల్చింది. 1986 నాటి అమెరికా చట్టం మామూలు కొకైన్ 500 గ్రాములకు వేసే కనీస శిక్షనే క్రాక్ 5 గ్రాములకు వేసింది. ఆ రోజుల్లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ పిల్ల ఎంసీ లైట్ దాన్ని పేరు పెట్టి పాడింది. అందుకే మన చరణంలోనూ ముందు ‘అదొక్కటే’ రావాలి, ఊపిరి తిప్పుకోకముందే ఆ పేరు రావాలి.