పెద్ద హ్యాండ్‌బ్యాగ్ నుంచి చిన్నదానికి ఎలా మారారు?

నేను రోజూ దిల్‌సుఖ్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్తాను, అమీర్‌పేటలో రైలు మారాలి, ఆ మెట్లూ ఆ జనం మీకు తెలిసిందే. రెండు నెలలుగా ఎడమ భుజం ఒకటే నొప్పి. మొన్న అనుమానం వచ్చి మా వీధి కిరాణా కొట్టు కాటా మీద బ్యాగు పెడితే 4 కిలోల 200 గ్రాములు తూగింది! లాప్‌టాప్ లేకుండానే అండి, అది వేరే బ్యాగు.

ఇంటికొచ్చి మంచం మీద బోర్లించాను. లీటరు నీళ్ళ సీసా (అదొక్కటే కిలో పైన), టిఫిన్ బాక్సు, గొడుగు, పవర్ బ్యాంకు, జండూబామ్, పిన్నీసులు, పాప క్లిప్పులు, ఎప్పటివో మందుల చీటీలు, శ్రావణమాసం పేరంటంలో ఇచ్చిన వక్కలు కూడా. ఇప్పుడేమో కార్తీకం!

చిన్న క్రాస్‌బాడీ బ్యాగు (ఛాతీ మీదుగా అడ్డంగా వేసుకునేది) కొందామనుకుంటున్నా. ఆర్‌సీ, లైసెన్సు ఫోన్లో డిజిలాకర్ యాప్‌లో ఉన్నాయి కాబట్టి పర్సు తగ్గుతుంది, ఆర్టీసీ బస్సులో ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్టు కోసం ఆధార్ కార్డు మాత్రం ఉంచుకోవాలి. మరి సీసా, బాక్సు ఎక్కడ పెడుతున్నారు? విడిగా గుడ్డ సంచి పట్టుకుంటే మళ్ళీ అంతే బరువు కదా? వానాకాలం గొడుగు సంగతేంటి?

ఇంకోటి, బయటికెళ్తే మా అత్తయ్య కళ్ళజోడు, మందులు, మావారి తాళాలు అన్నీ నా బ్యాగులోకే వస్తాయి. నొప్పించకుండా ఎలా చెప్పారో, అది కూడా చెప్పండి ప్లీజ్.