కాలవ గట్టు మీద ఫ్లెక్సీ కట్టాక చెత్త ఇంకా పెరిగింది, ఎందుకంటారు?

లంకవాసి:
మాది కోనసీమలో కాలవ పక్క ఊరండి. గట్టు మీద చెత్త పోస్తున్నారని "రోజూ ఎంతోమంది ఇక్కడే చెత్త పోసి కాలవ పాడుచేస్తున్నారు, సిగ్గుపడండి" అని పెద్ద ఫ్లెక్సీ కట్టించాం. నెల తిరక్కుండానే సరిగ్గా దాని కిందే చికెన్ వ్యర్థాలు, డైపర్లు, పెళ్ళిభోజనాల ప్లేట్లు. గాలికి లేచిన కవర్లన్నీ తూము దగ్గర గుర్రపుడెక్కలో చిక్కుకుని శివారు చేలకి నీళ్ళు ఎక్కట్లేదు. మనుషులు ఇలా ఎందుకు చేస్తారో ఎవరైనా పరిశోధించారా?

సైకాలజీ విద్యార్థి, రామచంద్రపురం:
చేశారండి, అదీ మీ ఫ్లెక్సీ లాంటి బోర్డు మీదే. అమెరికాలో అరిజోనాలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ అనే నేషనల్ పార్కుంది, కోట్ల ఏళ్ళ నాటి చెట్లు రాళ్ళైపోయిన చోటు, చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ ముక్కలు జేబులో వేసుకుపోతుంటారు. రాబర్ట్ చాల్డీని అనే సైకాలజిస్టు బృందం గుర్తులు పెట్టిన ముక్కలు దారిలో వేసి, బోర్డులు మార్చి మార్చి చూసింది. "చాలామంది పట్టుకుపోయారు, పార్కు పాడవుతోంది" అని ఉన్నప్పుడు దాదాపు 8 శాతం ముక్కలు పోయాయి, "దయచేసి తీయకండి" అన్నప్పుడు 2 శాతం లోపే. అందరూ పోస్తున్నారని మనమే రాసిపెడితే చదివినవాడి మనసులో ఆ "అందరూ" అన్నదే నిలబడిపోతుంది.

శివారు రైతు:
ఫ్లెక్సీ మారిస్తే సరిపోతుందా అండి? మా వైపు చెత్తబండి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. చేపలు కడిగిన రోజు ఆ చెత్త ఇంట్లో ఎంతసేపు ఉంచుకుంటారు? ముందు బండి రోజూ రావాలి, చికెన్ కొట్ల వాళ్ళకి వేరే చోటు చూపించాలి.

మండపేట అక్క:
బండి రావాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ గట్టు ఎలా కనిపిస్తోందన్నది కూడా చిన్న విషయం కాదండి. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ ఊళ్ళో సైకిళ్ళు పెట్టే సందులో హ్యాండిళ్ళకి కాగితాలు తగిలించి చూశారు, 2008లో సైన్స్ పత్రికలో వచ్చింది. గోడ శుభ్రంగా ఉన్నప్పుడు 33 శాతం మంది ఆ కాగితం కింద పడేశారు, అదే గోడ మీద పిచ్చిగీతలు గీయించాక 69 శాతం. చెత్తడబ్బా రెండుసార్లూ లేదు, మారింది గోడొక్కటే. అందుకే వేసవిలో కాలవ కట్టేసినప్పుడు గట్టంతా ఎత్తించేసి, ఆ తర్వాత పడ్డ మొదటి కవరు ఆ పూటే తీయించండి.

లంకవాసి:
ఫ్లెక్సీ రేపే దింపించేస్తాం, బండి సంగతి సర్పంచ్ గారితో మాట్లాడతాను. కొత్త బోర్డు మీద ఏం రాయమంటారు?

సైకాలజీ విద్యార్థి, రామచంద్రపురం:
"ఈ నీళ్ళు చేలకి వెళ్తాయి, దయచేసి చెత్త వేయకండి." అంతే రాయండి, కింద బండి వచ్చే టైమ్ వేయండి.